తొలిచూలులో ఊలు అల్లిక: నెలల లెక్క, కొలతలు, జాగ్రత్తలు

మే నెలలో పుట్టబోయే బిడ్డకు నిండు చేతుల స్వెట్టర్ అల్లడం వరంగల్ ఇళ్లలో ఏటా కనిపించేదే. ఎంతో ఇష్టంగా అల్లుతారు. బిడ్డ పుట్టేసరికి బయట నలభై దాటిన ఎండ. స్వెట్టర్ బీరువాలోకి పోతుంది. కార్తీకం వెళ్లి చలి పడేనాటికి ఆ స్వెట్టర్‌లో బిడ్డ చెయ్యి కూడా దూరదు. చివరి నెలలో నిద్ర మానుకుని, వేళ్లు తిమ్మిరెక్కుతున్నా పూర్తిచేసిన పని అలా మూలకు పడుతుంది.

ఇలా కాకూడదంటే ఊలు కొనకముందే రెండు లెక్కలు తేలాలి. బిడ్డ ఏ నెలలో పుడుతుంది? ఏ నెలలో మీ ఒళ్లు ఏ పనికి సహకరిస్తుంది? ఈ రెండూ కాగితం మీద పెట్టుకుంటే ఏం అల్లాలి, ఏది మానుకోవాలి అన్నది చాలావరకు తేలిపోతుంది.

ముందు క్యాలెండర్

డాక్టరమ్మ ఇచ్చిన ప్రసవ తేదీ రాసుకోండి. అక్కడి నుంచి నాలుగు వారాలు వెనక్కి రండి. అంటే 36వ వారం. అల్లిక, ఉతుకుడు, సర్దుడు అన్నీ ఆ గీత దాటకుండా అయిపోవాలి. 37వ వారం తర్వాత కాన్పు ఏ రోజైనా రావచ్చు. పైగా అప్పటికి కూర్చోవడమే కష్టంగా ఉంటుంది.

ఇక బిడ్డ పుట్టే కాలం.

మార్చి నుంచి మే దాకా పుట్టే బిడ్డకు మన ఎండల్లో ఊలు బట్టతో దాదాపు పని లేదు. పుట్టిన కాసేపటికి వేసే పలచని టోపీ ఒకటి, ఏసీ ఉన్న వార్డులో కప్పడానికి నూలు దారపు దుప్పటి ఒకటి చాలు. స్వెట్టర్ అల్లాలనిపిస్తే డిసెంబరుకు ఆ బిడ్డ ఏడు నుంచి తొమ్మిది నెలల వాడవుతాడని గుర్తుపెట్టుకుని ఛాతీ చుట్టుకొలత 50 నుంచి 52 సెంటీమీటర్లు వచ్చేలా అల్లండి.

జూన్ నుంచి సెప్టెంబరు మధ్య పుడితే వానలకు, ఈదురుగాలికి నూలు దుప్పటి, రెండు టోపీలు, రెండు జతల సాక్సులు పనికొస్తాయి. స్వెట్టర్ మాత్రం ఆరు నెలల కొలతకే, అంటే ఛాతీ 48 సెంటీమీటర్లకు అల్లాలి. జూన్‌లో పుట్టిన బిడ్డకు చలికాలం వచ్చేది సరిగ్గా ఆరో నెలలోనే.

అక్టోబరు నుంచి జనవరి దాకా పుట్టేవాళ్లకే పుట్టిన పిల్లల కొలత స్వెట్టర్ నిజంగా అక్కరకొస్తుంది. ఛాతీ 40 నుంచి 42, పొడవు 24, చేతి పొడవు 14 సెంటీమీటర్లు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు చలి వరంగల్ కన్నా బాగా ఎక్కువ కాబట్టి అక్కడివాళ్లు ఇలాంటివి రెండు పెట్టుకున్నా వృథా కావు.

ఇక్కడే ఇంకో మాట. ఇంటర్నెట్‌లో దొరికే విదేశీ నమూనాలు మూడున్నర కిలోల బిడ్డను దృష్టిలో పెట్టుకుని రాసినవి. మన దగ్గర ఎక్కువమంది పిల్లలు రెండున్నర, మూడు కిలోల మధ్య పుడతారు. "న్యూబార్న్" అని రాసి ఉన్న టోపీ కళ్ల మీదికి జారేది అందుకే.

ఏది ఎన్ని గంటల పని

కొత్తగా నేర్చుకున్న చెయ్యి నిమిషానికి 15 నుంచి 20 కుట్లు అల్లుతుంది. ఒక టోపీలో సుమారు 3,000 కుట్లు ఉంటాయి. అంటే రెండున్నర నుంచి మూడున్నర గంటలు, అతకడంతో కలిపి నాలుగైదు. ఆరు నెలల స్వెట్టర్ 13,000 కుట్లు, అతుకులతో కలిపి 16 గంటల పైమాటే. 70 సెంటీమీటర్ల చదరపు దుప్పటి 39,000 కుట్లు దాటుతుంది, నిమిషానికి 20 కుట్లు పడితే 33 గంటల పని.

ఉద్యోగం, వంట, ఆసుపత్రి తిరుగుళ్ల మధ్య గర్భిణికి రోజుకు 40 నిమిషాలు దొరికితే ఎక్కువ. దాన్ని కూడా రెండు ఇరవై నిమిషాలుగా విడగొట్టాలి. ఆ లెక్కన దుప్పటికి ఏడు వారాలు, స్వెట్టర్‌కు నాలుగు వారాలు, టోపీకి ఒక వారం. ఒంట్లో బాగోలేని రోజులు, చుట్టాలొచ్చే రోజులు ఉంటాయి కాబట్టి ప్రతిదానికీ ఒకటి రెండు వారాలు అదనంగా వేసుకోండి:

- 13వ వారం దాకా: నేర్చుకోవడం, నమూనా ముక్క
- 14 నుంచి 22 వారాలు: దుప్పటి
- 23 నుంచి 28: స్వెట్టర్
- 29 నుంచి 34: టోపీలు, సాక్సులు
- 35, 36: ఉతకడం, సర్దడం

పెద్దవి ముందు, చిన్నవి చివర. ఈ వరుస తిరగబడితే ఎనిమిదో నెలలో దుప్పటి బరువంతా పొట్టమీద, దాని వేడంతా ఒంటిమీద పడుతుంది. మూడూ అల్లి తీరాలని కూడా లేదు. ఒక్క టోపీతో ఆపినా బిడ్డకు లోటేమీ ఉండదు. ఆఫీసు పని ఎక్కువగా ఉన్నవాళ్లు దుప్పటి మానేసి టోపీ, సాక్సులతో సరిపెట్టుకోవడమే మంచిది.

ఊలు, సూదులు

మన దగ్గర దొరికే ఊలులో చాలావరకు అక్రిలిక్. వర్ధమాన్, ఓస్వాల్, గంగా వంటి కంపెనీల బేబీ రకాలు మెత్తగా ఉంటాయి, ఉతుకుడుకు ఆగుతాయి. కొనేముందు దారాన్ని మెడ పక్కన, చెవి కింద రుద్ది చూడండి. అక్కడ గుచ్చుకుంటే బిడ్డకు పనికిరాదు. నూగు లేచే మొహైర్ రకం, మెరుపు దారం కలిపింది అసలు వద్దు. ఆ నూగు బిడ్డ నోట్లోకి, ముక్కులోకి పోతుంది. కురుమలు నేసే మన గొంగడి ఊలు వానకు, చలికి గట్టి రక్షణే. కానీ దక్కనీ గొర్రె బొచ్చు గరుకు, పసి చర్మం తట్టుకోలేదు. వేసవి బిడ్డకైతే నూలు దారమే తీసుకోండి.

హనుమకొండ చౌరస్తా, వరంగల్ చౌరస్తా చుట్టుపక్కల ఫ్యాన్సీ, టైలరింగ్ సామాన్ల దుకాణాల్లో అక్టోబరు నుంచి జనవరి దాకా రంగులు బాగా ఉంటాయి. ఎండాకాలంలో మిగిలినవాటితో సర్దుకోవాలి. ఉండ మీది కాగితంపై లాట్ నంబరు ఉంటుంది. ఒక వస్తువుకు కావలసిన ఉండలన్నీ ఒకే లాట్‌లో, ఒకేసారి కొనాలి. తర్వాత తెచ్చిన అదే తెలుపు కూడా చారలా వేరుగా కనపడుతుంది.

మధ్యరకం మందంలో టోపీకి 25 గ్రాములు, సాక్సుల జతకు 20, స్వెట్టర్‌కు 150, దుప్పటికి 300 గ్రాములు సరిపోతాయి. దుప్పటి నూలు దారంతో అయితే 400 కొనండి, నూలు బరువెక్కువ.

సూదులు మన దుకాణాల్లో పాత నంబర్లతోనే అడగాలి. 8 నంబరు అంటే 4 మిల్లీమీటర్లు, 10 నంబరు అంటే 3.25. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. ఈ గైడ్‌లోని కొలతలన్నిటికీ ఆ రెండు సైజులు చాలు. 8 నంబరులో తిన్నటి పొడవు సూదుల బదులు, మధ్యలో వైరు ఉండే సర్క్యులర్ సూది 80 సెంటీమీటర్లది తీసుకోండి. తిన్నటి సూదుల వెనక కొసలు ఆరో నెల నుంచి కుర్చీ చేతులకు, పొట్టకు తగులుతుంటాయి. వాటి మీద ఉన్న అల్లిక బరువంతా మణికట్టు మోయాలి. సర్క్యులర్ అయితే బరువు ఒళ్లో వాలిపోతుంది. ముందుకూ వెనక్కూ మామూలుగానే అల్లుకోవచ్చు.

మొదటి మూడు నెలలు

వేవిళ్ల కాలంలో పెద్ద పనేదీ మొదలుపెట్టకండి. కొత్త ఊలు వాసనకే కడుపులో తిప్పేవాళ్లున్నారు. అలాంటప్పుడు ఉండలను ఒకసారి నీళ్లలో జాడించి నీడలో ఆరేస్తే వాసన పోతుంది.

ఈ సమయం నేర్చుకోవడానికి. సీదా (నిట్) కుట్టు, ఉల్టా (పర్ల్) కుట్టు వస్తే చాలు. అన్ని వరుసలూ సీదా అల్లితే గట్లు గట్లుగా మందంగా వస్తుంది, అంచులు చుట్టుకోవు. ఒక వరుస సీదా, ఒక వరుస ఉల్టా అల్లితే నున్నగా వస్తుంది, కానీ అంచులు లోపలికి చుట్టుకుంటాయి. అందుకే టోపీకి, స్వెట్టర్‌కు కింద ఒకటి సీదా ఒకటి ఉల్టాగా పట్టీ వేస్తారు. అదే సాగేది కూడా.

8 నంబరు సూదిమీద 26 కుట్లు ఎక్కించి, నున్నటి అల్లిక 34 వరుసలు అల్లండి. నడుమ భాగంలో 10 సెంటీమీటర్లు కొలిచి కుట్లు లెక్కపెట్టండి. 22 రావాలి. 24 వస్తే చెయ్యి బిగువు, ఒక సైజు లావు సూది తీసుకోండి. 20 వస్తే వదులు, ఒక సైజు సన్నది. ఈ ముక్క అల్లకుండా మొదలుపెట్టినవాళ్ల టోపీయే అయితే బొమ్మకు, లేకపోతే తాతకు సరిపోయేలా వస్తుంది.

కొత్తవాళ్లకు ఎదురయ్యే పెద్ద చిక్కు, కుట్లు వాటంతటవే పెరగడం. 26 ఎక్కిస్తే పది వరుసలకు 29 అవుతాయి. కారణాలు రెండు. వరుస మొదట్లో దారం సూది మీదుగా వెనక్కి పోతే మొదటి కుట్టు రెండు కాళ్లుగా విడిపోయి రెండు కుట్లలా కనపడుతుంది, దాన్ని రెండుగా అల్లేస్తారు. లేదా ఉల్టా నుంచి సీదాకు మారేటప్పుడు దారం ముందువైపే ఉండిపోయి, సూదిమీద అదనపు ఉచ్చు పడుతుంది. ప్రతి వరుస మొదలుపెట్టేముందు దారం సూది కిందికి వేలాడుతోందా అని ఒక్క చూపు చూస్తే మొదటిది పోతుంది. ఉల్టా తర్వాత దారాన్ని రెండు సూదుల మధ్య నుంచి వెనక్కి తెస్తే రెండోది పోతుంది.

గర్భిణులకు మతిమరుపు సహజం. ఎన్నో వరుసలో ఉన్నారో చిన్న నోటుబుక్కులో వరుసకో గీత పెట్టుకోండి.

దుప్పటి: ఎప్పుడైనా ఆపగలిగేది

ఒక మూల నుంచి మొదలై ఎదుటి మూలకు చేరే దుప్పటి గర్భిణికి బాగా సరిపోతుంది. కొలత ముక్క అక్కర్లేదు, ఎక్కడ ఆపితే అక్కడికి చదరమే అవుతుంది.

1. 8 నంబరు సూదిమీద 3 కుట్లు ఎక్కించండి.
2. ప్రతి వరుసలో: ఒక కుట్టు సీదా. రెండో కుట్టులో ముందునుంచి ఒకసారి అల్లి, సూదిమీంచి దించకుండానే అదే కుట్టులో వెనకనుంచి మరోసారి అల్లండి. ఒకటి రెండయింది. మిగిలినవన్నీ సీదా.
3. వరుసకు ఒక కుట్టు పెరుగుతూ త్రికోణంగా వస్తుంది. పక్క అంచు 70 సెంటీమీటర్లు అయ్యాక పెంచడం ఆపండి.
4. ఇక ప్రతి వరుసలో: ఒకటి సీదా, తర్వాతి రెండు కలిపి ఒకటిగా, మిగిలినవన్నీ సీదా.
5. 3 కుట్లు మిగిలాక మూసేయండి.

ఊలు చాలుతుందా అన్న బెంగ ఉంటే తూకమే దారి. 300 గ్రాములతో మొదలుపెడితే 155 గ్రాములు మిగిలినప్పుడు, అంచు ఎంత పొడవున్నా సరే, తగ్గించడం మొదలుపెట్టండి. వంటింటి తూకంలోనో, కిరాణా కొట్టులోనో తూయొచ్చు. ఆరోగ్యం బాగోక మధ్యలోనే ఆపాల్సి వస్తే అప్పటినుంచే తగ్గించేయండి. 45 సెంటీమీటర్ల దుప్పటి ఒళ్లో బిడ్డ కాళ్లమీద కప్పడానికి చక్కగా ఉంటుంది.

పెంచడానికి చాలా నమూనాల్లో దారం సూది చుట్టూ తిప్పమంటారు. దానివల్ల అంచు వెంట చిల్లులు వస్తాయి. చూడ్డానికి అందంగానే ఉంటాయి, కానీ పసివేళ్లు వాటిలో ఇరుక్కుంటాయి. పై పద్ధతిలో చిల్లు రాదు. ఇదే కారణానికి జాలీ డిజైన్లన్నీ పక్కన పెట్టండి.

స్వెట్టర్: ఆరు నెలల కొలత

ముందు తెరుచుకునేదే అల్లండి. తలమీంచి దూర్చేది బిడ్డకూ ఏడుపు, తొడిగేవాళ్లకూ కష్టం.

వెనక భాగం: 10 నంబరుతో 56 కుట్లు, ఒకటి సీదా ఒకటి ఉల్టా పట్టీ 3 సెంటీమీటర్లు. 8 నంబరుకు మారి నున్నగా, మొత్తం 27 సెంటీమీటర్లు వచ్చేదాకా అల్లి మూసేయండి. ఇందులో అటు 17, ఇటు 17 కుట్లు భుజాలు, మధ్య 22 మెడ.

ముందు భాగాలు రెండు: ఒక్కోదానికి 31 కుట్లు, సూదులు, కింది పట్టీ వెనక భాగంలాగే. గుండీల వైపు 5 కుట్లు ఎప్పుడూ సీదాయే అల్లితే పట్టీ దానంతటదే వస్తుంది. 22.5 సెంటీమీటర్ల దగ్గర మెడవైపు 9 కుట్లు మూసి, తర్వాత వరుస విడిచి వరుస ఒక్కో కుట్టు చొప్పున ఐదుసార్లు తగ్గించండి. మిగిలిన 17 కుట్లతో 27 సెంటీమీటర్ల దాకా వెళ్లి మూసేయండి. ఒక ముందు భాగంలో పట్టీమీద నాలుగు గుండీ చిల్లులు: రెండు సీదా, దారం సూది చుట్టూ ఒకసారి, రెండు కలిపి ఒకటి, ఒకటి సీదా.

చేతులు: 10 నంబరుతో 34 కుట్లు, పట్టీ 3 సెంటీమీటర్లు. 8 నంబరుకు మారి ప్రతి ఐదో వరుసలో రెండు పక్కలా ఒక్కో కుట్టు, ఎనిమిదిసార్లు పెంచితే 50 అవుతాయి. 17 సెంటీమీటర్ల దగ్గర మూసేయండి.

అతికేటప్పుడు మొదట భుజాలు, తర్వాత చేయి నడుమను భుజం అతుకుకు ఆనించి రెండు పక్కలా 11 సెంటీమీటర్ల చొప్పున, చివరగా చంక కింది నుంచి పక్కలు. మెడ చుట్టూ 62 కుట్లు ఎత్తి నాలుగు వరుసల పట్టీ వేసి, వదులుగా మూయండి. మెడ దగ్గర తాడు, రిబ్బను, కుచ్చు పెట్టొద్దు. అవి మెడకు చుట్టుకోవచ్చు. గుండీలు చదునుగా ఉన్నవి తీసుకుని, కుట్టాక గట్టిగా లాగి చూడండి. ఊడితే బిడ్డ నోట్లోకే పోతుంది.

కూర్చోవడం, చేతులు

నేలమీద చాప వేసుకుని వంగి అల్లడం ఐదో నెల తర్వాత నడుముకు చేటు. వీపుకు ఆనుకునే కుర్చీ, నడుము వంపులో చిన్న దిండు, పాదాల కింద పీట. రెండు మోచేతుల కింద చెరో దిండు పెట్టుకుంటే భుజాలు పైకి లేవవు. ఇరవై నిమిషాలకు ఫోనులో అలారం పెట్టి, మోగగానే వరుస మధ్యలో ఉన్నా లేవాలి. మంచినీళ్లు తాగి, ఇంట్లోనే నాలుగు అడుగులు వేసి రండి. కాళ్ల వాపు తగ్గడానికి ఇదే పెద్ద సాయం.

మే నెలలో చెమటచేతులకు అక్రిలిక్ అతుక్కుని కుట్టు జరగదు, తెలియకుండానే బిగించేస్తారు. పొద్దున ఆరు నుంచి ఎనిమిది మధ్యో, పొద్దుగూకాకో కూర్చోండి. చేతులు కడిగి తుడుచుకుని మొదలుపెట్టండి.

బొటనవేలు, చూపుడువేలు, నడిమి వేలు రాత్రిపూట తిమ్మిరెక్కుతున్నాయా? గర్భంలో ఒంట్లో నీరు చేరి మణికట్టులోని నరం నొక్కుకుపోవడం వల్ల చాలామందికి ఇలా అవుతుంది. కాన్పు తర్వాత ఎక్కువమందికి తగ్గిపోతుంది. కానీ మణికట్టు వంచి గంటలకొద్దీ అల్లితే ముదురుతుంది. తిమ్మిరి మొదలైతే వారం పాటు సూదులు పక్కన పెట్టండి. మందుల షాపులో దొరికే మణికట్టు పట్టీ, మణికట్టును తిన్నగా ఉంచేది, రాత్రి కట్టుకుని పడుకోండి. మళ్లీ మొదలుపెట్టినప్పుడు పది నిమిషాలే. వేలి మొద్దుబారడం పగలు కూడా ఉన్నా, చేతిలోంచి గిన్నెలు జారిపోతున్నా డాక్టర్‌కు చూపించాలి. నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ రకాలు గర్భిణులకు, ముఖ్యంగా ఐదో నెల దాటాక, ప్రమాదం.

ముఖం, చేతులు ఉన్నట్టుండి ఉబ్బడం, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం బీపీ పెరిగిన గుర్తులు కావచ్చు. "రాత్రి ఎక్కువసేపు అల్లాను, అందుకే తలనొప్పి" అని సరిపెట్టుకోకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. రక్తస్రావం, ఉమ్మనీరు కారడం ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఏడో నెల నుంచి భోజనం తర్వాత ఎడమపక్కకు పడుకుని కదలికలు లెక్కపెట్టుకునే సమయంలో అల్లిక పట్టుకోకండి. కుట్లు లెక్కపెడుతూ కదలికలు లెక్కపెట్టడం కుదరదు. రెండు గంటల్లో పది కదలికలు రాకపోయినా, రోజూకన్నా బాగా తగ్గినట్టు అనిపించినా చెకప్ తేదీ దాకా ఆగొద్దు.

రోజులో ఎక్కడ ఇముడుతుంది

వంట మధ్యలో, పొయ్యి దగ్గర వద్దు. అక్రిలిక్ మంట తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. బస్సులోనూ వద్దు. నర్సంపేట, పరకాల రోడ్లమీద ఒక్క సడన్ బ్రేక్ చాలు, సూది పొట్టవైపు తిరగడానికి. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి భోజనానికి వెళ్లొచ్చాక కాసేపు నడుం వాల్చి, లేచాక ఒక ఇరవై నిమిషాలు బాగుంటుంది. వరంగల్ సీకేఎం ఆసుపత్రి, హనుమకొండ ప్రసూతి ఆసుపత్రి వంటిచోట్ల ఓపీలో కూర్చోవాల్సి వస్తే టోపీ లాంటి చిన్న పనే సంచిలో పెట్టుకోండి. పిలుపు వినపడగానే వదిలేయగలగాలి. రిపోర్టుల ఫైలు మాత్రం వేరే సంచిలో ఉండాలి, సూదులు గుచ్చుకుని స్కాన్ కాగితాలు చిరుగుతాయి.

తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లడం ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో ఉంటుంది. వెళ్లేటప్పుడు ఊలు, సూదులు, నోటుబుక్కు ఒకే డబ్బాలో పెట్టి తీసుకెళ్లండి. 10 నంబరు సూది అత్తవారింట్లో ఉండిపోతే పట్టీ దగ్గర పని ఆగిపోతుంది.

టోపీ

10 నంబరుతో 74 కుట్లు ఎక్కించండి. ఎక్కించేటప్పుడు రెండు సూదులు జతగా పట్టుకుని వాటిమీద ఎక్కించి, తర్వాత ఒక సూది లాగేయండి. ఇలా చేయకపోతే అంచు సాగక బిడ్డ నుదుటిమీద ఎర్రటి గీత పడుతుంది. పట్టీ 3 సెంటీమీటర్లు, తర్వాత 8 నంబరుతో నున్నగా, మొత్తం 10 సెంటీమీటర్లు. ఇక తల మీద తగ్గింపు:

అంచుకుట్టు ఒకటి, (7 సీదా, రెండు కలిపి ఒకటి) ఎనిమిదిసార్లు, అంచుకుట్టు ఒకటి. 66 మిగులుతాయి. మరుసటి వరుస అంతా ఉల్టా. తర్వాతి సీదా వరుసలో బ్రాకెట్‌లోని 7 స్థానంలో 6, ఆ తర్వాత 5, ఇలా ఒక్కోటి తగ్గిస్తూ పోతే 58, 50, 42, 34, 26, 18 అవుతాయి. చివరి సీదా వరుసలో అంచుకుట్ల మధ్య అన్నీ రెండేసి కలిపితే 10 మిగులుతాయి. 40 సెంటీమీటర్ల దారం వదిలి కత్తిరించి, పది కుట్లలోంచి రెండుసార్లు దూర్చి బిగించి, అదే దారంతో పక్క అతకండి. చుట్టుకొలత 33 సెంటీమీటర్ల దగ్గర వస్తుంది, సాగి 34, 35 తలకు సరిపోతుంది.

రెండోది 66 కుట్లతో చిన్నది అల్లండి. 74 కుట్లది ఒక తగ్గింపు అయ్యాక 66 అవుతుంది కదా, తగ్గింపు అక్కడినుంచే, అంటే 6 సీదాతో మొదలవుతుంది. బిడ్డ నెలలు నిండకుండానో, రెండున్నర కిలోల లోపో పుడితే అమ్మ ఛాతీమీద చర్మానికి చర్మం తగిలేలా కంగారూ పద్ధతిలో పడుకోబెడతారు. అప్పుడు బిడ్డ ఒంటిమీద ఉండేవి డైపర్, టోపీ, సాక్సులు. ఆ రోజు ఈ చిన్న టోపీ విలువ తెలుస్తుంది.

సాక్సులకు పాదం పొడవు 8 నుంచి 9 సెంటీమీటర్లు, చీలమండ పట్టీ కనీసం 4 సెంటీమీటర్లు. పట్టీ పొట్టిదైతే రెండు తన్నులకు ఊడిపోతాయి. లోపల దారపు కొసలు ఒక్కటి కూడా వేలాడకూడదు. ఊడిన పోగు కాలివేలికి చుట్టుకుంటే రక్తం ఆగి వేలు నల్లబడే ప్రమాదం ఉంది. ప్రతి కొసనూ రెండు దిక్కులా నాలుగేసి సెంటీమీటర్లు కుట్లలో దూర్చి, తిరగేసి చూసి, అప్పుడు కత్తిరించండి.

ఇంట్లో పెద్దల మాట

పుట్టకముందే బిడ్డకు బట్టలు తయారుచేయొద్దని అత్తమ్మో అమ్మమ్మో అంటే వాదనకు దిగక్కర్లేదు. ముక్కలుగా అల్లి, అతకకుండా ఉంచండి. బట్ట కాలేదు కాబట్టి పెద్దల మాటా దక్కుతుంది. పనికి కూడా అదే మేలు. బిడ్డను చూశాక తల పెద్దగా ఉంటే అతుకు అంచున వేయొచ్చు, చిన్నగా ఉంటే రెండు కుట్లు లోపలికి వేయొచ్చు. ఇరవై ఒకటో రోజు తొట్టెలకు ముందు అక్కో పిన్నో ఒక మధ్యాహ్నం కూర్చుంటే అన్నీ అతికేస్తారు. గ్రహణం రోజు సూది, కత్తెర పట్టొద్దంటే ఆ ఒక్కరోజు డబ్బా మూసి పెట్టండి.

ఉతకడం, దాచడం

తొడిగేముందు తప్పకుండా ఉతకాలి. గోరువెచ్చని నీళ్లలో చెంచాడు బేబీ షాంపూ, పది నిమిషాలు నాననిచ్చి, రుద్దకుండా నొక్కి, రెండుసార్లు జాడించండి. పిండితే ఆకారం పోతుంది. తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో చాపమీద పరిచి ఆరేయండి. దండెం మీద వేస్తే నీళ్ల బరువుకు స్వెట్టర్ చేతులు సాగుతాయి. అక్రిలిక్‌ను ఇస్త్రీ చేయొద్దు, వేడికి సాగుడు చచ్చి గుడ్డపీలికలా అయిపోతుంది.

దాచేటప్పుడు నాఫ్తలీన్ గోళీలు, కలరా ఉండలు అని అడిగి తెచ్చేవి, బిడ్డ బట్టల దగ్గరికి రానీయకండి. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపంతో పుట్టిన పిల్లల్లో ఆ వాసనకే ఎర్రకణాలు విరిగి పచ్చకామెర్లు తీవ్రమవుతాయి. ఎండిన వేపాకు పలచటి గుడ్డలో మూటకట్టి మూలన పెడితే చాలు.

బిడ్డకు తొడిగేటప్పుడు

ఊలు ఎప్పుడూ నూలు జుబ్బా మీదే. ఇంట్లో పడుకోబెట్టేటప్పుడు టోపీ తీసేయాలి, పసిపిల్లలు ఒంటి వేడిని ఎక్కువగా తలనుంచే వదులుతారు. తొట్టెలో, ఉయ్యాలలో అల్లిన దుప్పటి వదులుగా కప్పి వదిలేయకండి, ముఖంమీదికి జరుగుతుంది. ఎవరైనా ఎదురుగా కూర్చుని ఉన్నప్పుడు, ఒళ్లో ఉన్నప్పుడు కప్పండి. చేతులు, పాదాలు చల్లగా ఉండటం మామూలే. బిడ్డకు వేడి ఎక్కువైందో లేదో తెలియాలంటే మెడ వెనక చెయ్యి పెట్టి చూడాలి. చెమట ఉంటే ఒక పొర తీసేయండి.

స్నానం తర్వాత సాంబ్రాణి పొగ వేసే ఇళ్లలో ఊలు బట్ట ఆ దరిదాపుల్లో ఉండకూడదు. నిప్పురవ్వ పడితే అక్రిలిక్ కరిగి అంటుకుంటుంది. పొగ కూడా బిడ్డ ఊపిరికి మంచిది కాదు. గదికి వేసి, పొగ పోయాక బిడ్డను తీసుకురావడం మేలు.

బాలింతగా ఉన్న మొదటి ఆరు వారాలు సూదులు పట్టకండి. బిడ్డను పదేపదే ఎత్తడం వల్ల బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి ఆ రోజుల్లో చాలామందికి వస్తుంది. దానిమీద అల్లిక తోడైతే నెలల తరబడి వదలదు. ఎత్తేటప్పుడు బొటనవేలు విడిగా చాపకుండా, అరచేతులు రెండూ బిడ్డ కిందికి పోనిచ్చి ఎత్తండి. మిగిలిపోయిన సాక్సు రెండో కాలు ఉంటే అది పూర్తిచేయడానికి పుట్టింట్లో అమ్మకు నోటుబుక్కు ఇచ్చేయండి. వరుసల గీతలు సరిగ్గా పెట్టి ఉంటే ఎక్కడినుంచి ఎత్తుకోవాలో ఆమెకు ఇట్టే తెలిసిపోతుంది.